మేనత్త గోరు

ఆమె అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. పెద్దాసుపత్రిలో చాలా ఏళ్ళు రక్తం తీసే పని చేసింది కాబట్టి డాక్టర్ల దగ్గర్నుంచి ఆయాల దాకా అందరికీ సూదమ్మే. చేతిలో మంచి నేర్పుంది. సన్నపు నరమైనా, నీరు పట్టిన చెయ్యైనా ఆమె వేలితో తడిమి ఒక్క పోటుతో పని ముగించేది. అయినా ఆ పేరు ఆమెకి నచ్చేది కాదు. వీధిలో తల్లులు పిల్లల్ని బెదిరించడానికి "అదిగో సూదమ్మ వస్తోంది, మూతి తుడుచుకో" అనేవాళ్ళు. నవ్వుతూ ఎదురొచ్చిన పసివాళ్ళు ఆమెని చూడగానే తల్లి కుచ్చిళ్ళ వెనక దాక్కునేవాళ్ళు. ఇంటికొచ్చి ఆ మాట చెబితే భర్త, "నన్ను చూస్తే తాళాలేసిన ఇంటివాళ్ళు భయపడతారు, నిన్ను చూస్తే పిల్లలు భయపడతారు. మంచి జోడీ కుదిరింది" అనేవాడు. ఆయనది తాళాలు బాగుచేసే కొట్టు.

ఒకరోజు ఒక పశువుల డాక్టరమ్మ తన రక్తమే పరీక్షకి ఇవ్వడానికి వచ్చింది. సూది ఎప్పుడు దిగిందో ఎప్పుడు తీశారో తెలియక, "అయిపోయిందా?" అని అడిగింది. తరువాత వెళ్ళకుండా ఆ బల్ల పక్కనే నిలబడి మరో నలుగురికి రక్తం తీస్తుంటే చూసింది.

"అక్కా, మా దగ్గరికి వచ్చేస్తారా? మాకు చెయ్యి నెమ్మదైన మనిషి కావాలి" అంది.

"మీ దగ్గరెవరికి రక్తం తీయాలి?"

"కోతులకి. మావాళ్ళు ఏడవరు. కరుస్తారంతే."

సూదమ్మ నవ్వి ఊరుకుంది కానీ ఆ మాట మనసులో పడింది. నెల తిరక్కుండానే ఉద్యోగం మారింది. అత్తగారు మాత్రం, "మనుషులందరి రక్తం అయిపోయిందని ఇక కోతుల మీద పడ్డావా?" అని ముక్కున వేలేసుకుంది. ఆవిడ నోటికి అడ్డూ ఆపూ ఉండేవి కావు. ఏ కూరకైనా వంక పెట్టకుండా ముద్ద మింగేది కాదు. కోడలూ తక్కువది కాదు. ఆ ఇంట్లో ఇద్దరి మధ్యా మాట పడని పూట ఉండేది కాదు, మాటాడుకోని పూటా ఉండేది కాదు.

కోతుల సంరక్షణ కేంద్రం ఊరి చివర, గుట్టకి ఆనుకుని ఉండేది. ఇళ్ళల్లో ముద్దుగా పెంచి పెద్దయ్యాక వదిలించుకున్న కోతులు, ఆటలాడించేవాళ్ళ దగ్గర్నుంచి విడిపించినవి, ప్రయోగాల నుంచి బయటపడ్డవి అక్కడ ఉండేవి. ఎత్తైన ఇనుప వలల వెనక చెట్లు, తాళ్ళు, ఊగే టైర్లు. వల అవతల గుట్ట మీద స్వేచ్ఛగా తిరిగే అడవి కోతుల మంద. లోపలివాటి తిండి వాసన పట్టి అవి వల దాకా దిగేవి. లోపలివి అటు, బయటివి ఇటు కూర్చుని వల కంతల్లోంచి చేతులు పెట్టి ఒకదానికొకటి పేలు చూసుకునేవి. చూడ్డానికి ముచ్చటగానే ఉండేది కానీ డాక్టరమ్మ బెంగంతా అక్కడే. బయటి మందలో ఏ వైరస్ ఉన్నా ఆ చేతుల మీదుగా లోపలికొస్తుంది, లోపలిది బయటికి పోతుంది, రెండింటిదీ రేపు మనుషులకి రావచ్చు. మన జలుబూ తట్టూ కూడా వాటికి అంటుకుంటాయి. అందుకే తుమ్ము వస్తే పనివాళ్ళని గేటు దగ్గరే ఆపేసేవాళ్ళు.

సూదమ్మ పని రెండు రకాలు. లోపలి కోతులకి మత్తిచ్చినప్పుడు రక్తం, నోటిలో తడీ తీయడం. బయటివాటిని పట్టుకునే వీల్లేదు కాబట్టి దూది తాడు ముక్కల్ని పళ్ళ పాకంలో ముంచి కొమ్మలకి కట్టి దూరంగా కూర్చోవడం. కోతులు వచ్చి ఆ తాడు నోట్లో వేసుకుని చప్పరించి, తీపి అయిపోగానే ఉమ్మేసేవి. దాన్ని పటకారుతో తీసి సీసాలో వేసి మూత బిగిస్తే ఆ కోతి ఉమ్మి దొరికినట్టే. "ఆసుపత్రిలో ఒక్కరైనా ఇంత ఇష్టంగా నమూనా ఇచ్చారా?" అని భర్తతో గొప్పగా చెప్పుకునేది.

లోపలి మందకి పెద్ద ఒక ముసలి ఆడకోతి. దాని కనుసన్నల్లోనే మిగతావి తినాలి, కూర్చోవాలి, కొట్టుకోవాలి. బోనులు చూసుకునే పెద్దాయన దానికి మేనత్త అని పేరు పెట్టాడు. పండు ముక్క చిన్నదైతే విసిరి ఆయన మొహాన కొట్టేది.

ఆ ఏడు ఎండలు ముదురుతున్న రోజుల్లో మేనత్త కింది పెదవి చివర పుండు కనబడింది. డాక్టరమ్మ చూసి, ఎందుకైనా మంచిది పరీక్షకి పంపుదాం అంది. మత్తిచ్చి బల్ల మీద పడుకోబెట్టారు. పెద్దాయన దాని చెవి లాగి చూసి, "నిద్రపోతోంది, కానివ్వండి" అన్నాడు. సూదమ్మ పుండు మీద తడి తీసింది, తొడ దగ్గర రక్తం తీసింది, దూది అద్ది నొక్కి పట్టుకుంది. అంతా సవ్యంగానే అయింది. ఇంతలో మేనత్త నిద్రలో ఉలిక్కిపడ్డట్టు చెయ్యి విదిల్చింది. గోళ్ళు సూదమ్మ ముంజేతి మీద, గ్లౌజు అంచుకీ జాకెట్టు చేతికీ మధ్య ఉన్న కాస్త జాగాలో గీరుకుపోయాయి. సన్నగా ఎర్రటి గీత. పిల్లి గీరినా అంతకంటే ఎక్కువ రక్తం వస్తుంది.

"ఏం కాలేదు, పైపైనే" అని సూదమ్మ అంటూండగానే డాక్టరమ్మ ఆమె మోచెయ్యి పట్టుకుని కుళాయి దగ్గరికి లాక్కుపోయింది. సబ్బు రాసి, నీళ్ళు ధారగా వదిలి, మళ్ళీ సబ్బు రాసి, వదలకుండా కడిగింది. చర్మం తెల్లబడి ముడతలు పడేదాకా కడిగింది. డాక్టరమ్మ గోడ గడియారం చూస్తూ కడుగుతోందని గమనించాకే సూదమ్మకి భయం మొదలైంది.

వెనక నుంచి పెద్దాయన గొంతు వినిపించింది. "పొద్దున్నుంచీ అది ఆ పుండునే గోకుతోంది డాక్టరమ్మా. ఆ చేత్తోనే."

అది ఏ వైరస్ అయ్యుండొచ్చో ఎవరూ చెప్పక్కర్లేదు. గోడ మీద అంటించిన కాగితంలో రోజూ చదువుతున్నదే. కోతికి అది మూతి మీద చిన్న పొక్కు, కొన్నాళ్ళకి తగ్గిపోతుంది. మనిషికి అంటడం చాలా అరుదు. అంటి మెదడుకి ఎక్కితే మాత్రం మనిషి దక్కడం కష్టం.

పెద్దాసుపత్రికే వెళ్ళారు. తను ఇన్నాళ్ళూ కూర్చున్న కుర్చీకి ఎదురు కుర్చీలో సూదమ్మ కూర్చుంది. కొత్తగా చేరిన పిల్ల ఆమె చేతికి పట్టీ కట్టి, "అటు చూడండమ్మా" అంది. ఎన్ని వేలమందికి తను చెప్పిన మాటో. సూదమ్మ బుద్ధిగా అటు తిరిగి కిటికీ వైపు చూసింది.

పెద్ద డాక్టరు మందు బిళ్ళలు అప్పుడే మొదలుపెట్టించాడు. "వెంటనే కడిగారు, వెంటనే వచ్చారు. అదే సగం మేలు. జ్వరం వచ్చినా, గీరిన చోట పొక్కు లేచినా, చెయ్యి చిమచిమలాడినా క్షణం ఆగకుండా రండి. నెల దాటాక ఇంకోసారి రక్తం చూస్తే గాని పూర్తిగా తేలదు."

"ఇంట్లోవాళ్ళకి నా నుంచి వస్తుందా డాక్టరుగారూ?"

"మామూలుగా రాదు. గాయం కప్పి ఉంచండి, తువ్వాలు వేరుగా పెట్టుకోండి. అంతకంటే భయపడక్కర్లేదు."

ఆయన అలా అన్నా ఆమె మనసు ఊరుకోలేదు. కూతురు రెండు వీధుల అవతలే ఉంటుంది. నిండు నెలలు. నేడో, రేపో అన్నట్టుంది. భర్తకి ఒక్కడికే విషయం చెప్పి, "దానికి తెలియనివ్వకండి. ఈ సమయంలో బెంగపెట్టుకుంటే ఎలా" అంది. ఆయన తలూపాడు. ఆ రోజు కొట్లో ఏ తాళానికీ ఏ చెవీ సరిగ్గా పట్టలేదు.

చెయ్యి చిమచిమలాడితే రమ్మన్నాడు కదా డాక్టరు. ఆ మాట విన్నప్పటి నుంచీ చెయ్యి చిమచిమలాడని గంట లేదు. ఆ చెయ్యే కాదు, రెండో చెయ్యి, మెడ, అరికాలు కూడా. దోమ కుట్టినా గుండె దడదడలాడేది. థర్మామీటరు చంకలోంచి తీసేది కాదు. గిన్నెలు తోమడానికి నీళ్ళలో చెయ్యి పెడితే చాలు, తీసి వెలుగులో తిప్పి తిప్పి చూసుకునేది.

ఇంట్లో తన కంచం, గ్లాసు, తువ్వాలు వేరు చేసింది. అందరూ తిన్నాక ఒక్కత్తీ వంటింటి గడప దగ్గర కూర్చుని తినేది. అత్తగారు ఇది చూసింది. ఒకపూట చూసింది, రెండు పూటలు చూసింది. ఆ ముందు రోజే పప్పులో ఉప్పు లేదని గట్టిగా అన్న గుర్తుంది. ఇక ఉండబట్టలేక కొడుకుని పట్టుకుంది.

"ఉప్పు లేదన్నందుకు కంచం వేరు పెట్టుకుందిరా నీ పెళ్ళాం. ముప్పై ఏళ్ళుగా అంటున్నాను. ఏనాడూ ఇంత పంతం పట్టలేదు. ఈసారి నిజంగా నొచ్చుకున్నట్టుంది."

ఆవిడ తిన్నగా వంటింట్లోకే వెళ్ళి కోడలి ఎదురుగా చతికిలబడింది.

"చూడూ, పప్పులో ఉప్పు ఉంది. నా నాలికే చచ్చింది. చాలా? ఇక లేచి వచ్చి అందరితో తిను."

సూదమ్మకి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. పెళ్ళయ్యాక అత్తగారు తప్పు ఒప్పుకోవడం అదే మొదలు, అదీ ఆవిడ చెయ్యని తప్పు. చేతి మీద గుడ్డ తీసి గీత చూపించి ఉన్న సంగతంతా చెప్పింది. అత్తగారు విన్నంతసేపూ ఒక్క మాట అడ్డు రాలేదు. అది చూసి సూదమ్మకి ఇంకా భయం వేసింది.

చివరికి ఆవిడ లేచి తన కంచం తెచ్చుకుని గడప పక్కనే కూర్చుంది.

"మీరు అటు కూర్చోండి అత్తయ్యా. ఎందుకొచ్చింది."

"నాకేమవుతుందే? నేను చూడాల్సినవన్నీ చూసేశాను. నువ్వొక్కదానివీ ఇలా గోడకి చెప్పుకుంటూ తింటే ముద్ద దిగుతుందా? పెట్టు, ఆ పప్పే పెట్టు."

ఆ రోజు నుంచి ఇద్దరూ గడప దగ్గరే తిన్నారు. అత్తగారు కూరలకి వంకలు పెట్టడం మానేసింది. సూదమ్మకి అది కూడా బెంగే అయింది. ఒకరోజు తనే, "పులుసు పలచగా లేదూ?" అని కదిపింది. "బావుంది" అంది ఆవిడ. "నేను పోతానని మీరు గట్టిగా నమ్ముతున్నట్టున్నారు అత్తయ్యా" అంటే, ఆవిడ ఇంకో ముద్ద తిని, "పలచగానే ఉంది. నీళ్ళపులుసులా ఉంది" అంది. ఇద్దరూ పొలమారేలా నవ్వుకున్నారు.

వారం తిరిగాక డాక్టరమ్మ స్వయంగా ఇంటికొచ్చింది. కుర్చీ అంచున కూర్చుని దాపరికం లేకుండా చెప్పింది. "మేనత్త రక్తంలో గుర్తు ఉందక్కా. అంటే దానికి ఎప్పుడో ఒకప్పుడు ఆ వైరస్ సోకింది. పెద్ద కోతుల్లో చాలావాటికి ఉంటుంది, ఒంట్లో ఓ మూల పడి నిద్రపోతూ ఉంటుంది. మనకి కావల్సింది, ఆ రోజు అది బయటికి వస్తోందా లేదా అని. పుండు మీద మీరు తీసిన తడి చెప్పాలి. అది దూరంగా ఉన్న పెద్ద ల్యాబుకి వెళ్ళింది. అలాంటి పరీక్ష ఇక్కడ చెయ్యరు."

సూదమ్మ చేతి మీద గుడ్డ సర్దుకుంది. "మేనత్తనేం చేశారు?"

"వేరే గదిలో ఉంచాం. మత్తిచ్చి చంపేస్తే గొడవ వదిలిపోతుందని పైవాళ్ళలో ఒకరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. అది బతికుంటే మళ్ళీ మళ్ళీ పరీక్ష చెయ్యొచ్చు. అయినా దాని తప్పేముంది?"

"ఏం లేదు. నిద్రలో చెయ్యి విదిల్చింది" అంది సూదమ్మ.

డాక్టరమ్మని గుమ్మం దాకా సాగనంపి అక్కడే కూర్చుంది. అత్తగారు మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టి, తనూ అక్కడే కూర్చుంది.

ఆ మర్నాడే కూతురికి నొప్పులొచ్చాయి. మధ్యాహ్నానికల్లా ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. అందరూ గదిలోకి దూరిపోయారు, సూదమ్మ తప్ప. ఆమె నడవలో తలుపు పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. లోపల్నుంచి కూతురి గొంతు వినిపించింది.

"అమ్మేది?"

"ఇక్కడే ఉన్నానమ్మా. జలుబు చేసింది. పసిపిల్ల కదా, దూరంగా ఉంటే మంచిదని."

"జలుబైతే మూతికి గుడ్డ కట్టుకుని రా. చూసి వెళ్ళు."

"తర్వాత వస్తాలే."

కాసేపటికి కూతురు ఏడుస్తున్న చప్పుడు. "వారంపైన అయింది మా ఇంటి గడప తొక్కి. ఇప్పుడు పిల్లని కూడా చూడదా? నేనేం చేశానని?"

అల్లుడు బిక్కమొహం వేసుకుని ఇవతలికొచ్చాడు. సూదమ్మ తల దించుకుంది. అప్పుడు అత్తగారు గది మధ్యకి వెళ్ళి నిలబడి, "నువ్వేం చెయ్యలేదు, మీ అమ్మా ఏం చెయ్యలేదు. కోతి గీరింది. చెప్తాను విను" అని మొదలుపెట్టి మొత్తం చెప్పేసింది. గుట్టు దాచమని ఆవిణ్ణి అడిగితే అంతే మరి. కానీ ఎక్కడా కల్పించకుండా, ఎక్కడా దడిపించకుండా, డాక్టరు అన్న మాటలు అన్నట్టే చెప్పింది.

కూతురు కన్నీళ్ళు తుడుచుకుంది. బిడ్డని నాన్నమ్మ చేతికిచ్చి తలుపు దగ్గరికి తీసుకెళ్ళమంది. తలుపుకి పైన చిన్న అద్దం ఉంది. అత్తగారు మునికాళ్ళ మీద లేచి బిడ్డని ఆ అద్దం దాకా ఎత్తింది. ఇవతల సూదమ్మ, అవతల గుడ్డలో చుట్టిన ఎర్రటి మొహం, మూసుకున్న పిడికిలి.

"డాక్టరు పర్లేదన్నాడట కదమ్మా, లోపలికి రావచ్చుగా" అని కూతురు మంచం మీద నుంచే పిలిచింది.

"నా మనసు ఒప్పుకోవట్లేదే. తేలిపోనీ. ఎత్తుకుంటే ఇక దించను."

"సరే. ఎన్నాళ్ళైనా చూస్తాం. కానీ ఇంకెప్పుడూ నా దగ్గర జలుబని చెప్పకు."

తరువాతి కబురు భర్త కొట్లో వచ్చింది. సూదమ్మ ఆయనకి భోజనం తీసుకెళ్ళింది. ఆయన ఎవరిదో బీరువా చెవిని ఆకురాయితో అరగదీస్తున్నాడు. ఫోను మోగితే ఆమే తీసింది.

"అక్కా, లేదు" అంది డాక్టరమ్మ.

"ఏం లేదు?"

"వైరస్ లేదు. పుండు మీద తడిలో లేదు, తర్వాత మళ్ళీ తీసిన దాంట్లోనూ లేదు. ఆ పుండు వైరస్ వల్ల వచ్చింది కాదు. మేనత్త వల తీగ కొరుకుతుందట, పెద్దాయన చూశాడు. తీగ కొస గీసుకుని పుండైంది. వింటున్నారా అక్కా?"

సూదమ్మ కొట్టు మెట్టు మీద కూర్చుండిపోయింది. ఆమె మొహం చూసి భర్త ఏమనుకున్నాడో, చేతిలో చెవి జారిపోయింది. "లేదటండీ. అందులో లేదట" అని ఆమె అనగానే ఆయన వంగి చెవి తీసుకుని, మళ్ళీ అరగదీయడం మొదలుపెట్టి, ఆపి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకున్నాడు. కొట్టు ముందు చెవి కోసం కాచుకున్న బీరువా ఆయన ఇదేమీ తెలియక, "అయిపోయిందా?" అన్నాడు. "అయిపోయిందండీ. మొత్తం పాడైపోయింది. ఇంకోటి చేసిస్తాను" అన్నాడు భర్త, నవ్వుతూ.

చివరి రక్తపరీక్ష ఇంకా మిగిలే ఉంది. పెద్ద డాక్టరు దాదాపు భయం లేదన్నా, ఆ దాదాపు అన్న మాట చిన్న ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది. అయితే మునుపటి దడ లేదు. చెయ్యి చిమచిమలాడితే గోక్కుని మర్చిపోయేది. నెల దాటాక ఆ ఫలితం కూడా వచ్చింది. డాక్టరు కాగితం చూసి బల్ల మీద పెట్టి, "మీకు ఏమీ లేదు. ఇంటికెళ్ళి మనవరాల్ని ఎత్తుకోండి" అన్నాడు. ఆయనకి మనవరాలి సంగతి ఎవరు చెప్పారో ఆమె అడగలేదు. వెంట వచ్చిన అత్తగారు పైకప్పు వైపు చూస్తోంది.

ఆసుపత్రి నుంచి తిన్నగా కూతురింటికే వెళ్ళారు. సూదమ్మ మోచేతుల దాకా కడుక్కుని, తుడుచుకుని, ఎందుకో మళ్ళీ కడుక్కుంది. "చాలమ్మా, అరిగిపోతావు" అని కూతురు బిడ్డని ఒళ్ళో పెట్టింది. అనుకున్నంత బరువుగా లేదు. పాల వాసన, వెచ్చటి తల. ఏం మాట్లాడాలో తెలియక, "వచ్చానే" అంది. బిడ్డ ఆవులించింది. ఆ మధ్యాహ్నమంతా ఆమె కుర్చీలోంచి లేవలేదు. కూతురు ఎదురుగా మంచం మీద ఆదమరిచి నిద్రపోయింది. వంటింట్లో అల్లుడు చేసిన వంటకి అత్తగారు వంకలు పెడుతున్న గొంతు సన్నగా వినిపిస్తూనే ఉంది.

మళ్ళీ పనిలో చేరతావా అని ఎవరూ గట్టిగా అడగలేదు. ఆమె చేరింది. మోచేతి పైదాకా వచ్చే పొడుగాటి గ్లౌజులు అప్పటికే తెప్పించి పెట్టారు. వల అవతల రెండడుగుల ఎడంతో ఇంకో వల కడుతున్నారు, ఇక లోపలి చేతులూ బయటి చేతులూ కలవవు. పెద్దాయన గేటు దగ్గరే ఎదురొచ్చి, "నిద్రపోతోందని నేనే అన్నాను చెల్లెమ్మా, నా వల్లే" అని ఇంకేదో చెప్పబోయాడు. "మీకూ నాకూ కూడా నిద్రలో చెయ్యి కదులుతుంది అన్నయ్యా. వదిలెయ్యండి" అంది ఆమె. మేనత్త మందలోకి తిరిగొచ్చేసింది. పుండు మానింది. సూదమ్మని చూసి కూడా చూడనట్టు మొహం తిప్పుకుని, పక్కకోతి చేతిలో పండు లాక్కుంది.

ఆ పూట గుట్ట మీద పని. కొమ్మలకి తాళ్ళు కట్టి, పాకం చేతులు కడుక్కుని, తను ఎప్పుడూ కూర్చునే రాయి మీద కూర్చుంది. అడవి మంద ఎటు పోయిందో, ఎండెక్కినా జాడ లేదు. తాళ్ళ చుట్టూ చీమలు చేరాయి. మామూలుగా అయితే విసుక్కుని లేచేది. ఆ రోజు ఆమెకి తొందరేమీ అనిపించలేదు. కాళ్ళు చాపుకుని, చీర కొంగు నెత్తిన వేసుకుని, అవి వచ్చినప్పుడే వస్తాయని కూర్చుంది.